పాత బోటు కొనేముందు నీళ్ల ట్యాంకు మూత తీయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత బోట్లు కొనేవాళ్లకు సలహాలిస్తూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంజిను, అడుగుభాగం, కాగితాలు, ఇన్సూరెన్సు అన్నీ చెప్పారు. బోటులో మనుషులు తాగే నీళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ వ్యాసం రాసినవారిని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ముప్పై ఏళ్లు ఓడల్లో పంపుల పని చేసిన నేనే ఆ సంగతి పట్టించుకోలేదు. దాని బాధ మా మనవరాలు పడింది.

మా అమ్మాయి, అల్లుడు తొమ్మిది మీటర్ల పాత బోటు ఒకటి బేరం చేసి, చూసిపెట్టమని నన్ను తీసుకెళ్లారు. మూడు గంటలు ఇంజిను దగ్గరే కూర్చున్నాను. ఆయిలు వేళ్ల మధ్య రాసి చూశాను, బెల్టులు లాగి చూశాను, పొగ రంగు చూశాను. నీళ్ల సంగతి అడిగితే అమ్మే ఆయన "ట్యాంకు కడిగి ఆరబెట్టి ఉంచామండీ, మీరు నింపుకోవడమే" అన్నారు. ఎంత శ్రద్ధగల మనిషో అనుకున్నాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఖాళీ ట్యాంకుకి చిల్లున్నా కారదు. పైపుల్లో నీళ్లు లేకపోతే ఏ జాయింటు వదులో తెలియదు. నడవని పంపు జబ్బు బయటపడదు. ఆయన కావాలనే అలా చేశారని నేననను. కానీ ఎండిన ట్యాంకు చూసి బోటు కొనడమంటే ఇంజిను స్టార్ట్ చేయకుండా కొనడమే.

మొదటి ప్రయాణానికి నూట యాభై లీటర్లు నింపుకుని బయల్దేరాం. రెండోరోజు రాత్రి అందరూ పడుకున్నాక, ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు గుర్రుమని నడిచి ఆగింది. పది నిమిషాలకి మళ్లీ. "మామయ్యా, ఏంటా చప్పుడు?" అని అల్లుడు లేచి వచ్చాడు. నేల పలకలు ఎత్తి చూస్తే బిల్జిలో, అంటే బోటు అడుగున ఉండే పల్లంలో, అరచెయ్యి లోతు నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే ఉప్పునీళ్లు కావని తేలింది. మేం నింపిన మంచినీళ్లే. తెల్లారేసరికి పాపకి వాంతులు మొదలయ్యాయి. ఒడ్డుకి చేరేదాకా మా అమ్మాయి పడిన టెన్షన్ నేను మర్చిపోలేను. డాక్టరు గారు నీళ్ల వల్లే అని తేల్చి చెప్పలేదు. నేను మాత్రం ఆ ట్యాంకు మూత విప్పి, టార్చి, అద్దం పెట్టి లోపలంతా చూశాను. లోపలి మూలల్లో జిగట, గోధుమరంగు పాచి.

కడిగామన్న మాట కూడా అబద్ధం కాకపోవచ్చు. బోటు ఊగినప్పుడు నీళ్లు ఒకవైపుకి ఒరిగిపోకుండా ట్యాంకు లోపల అడ్డగోడలు పెడతారు. మూత ఒకటే ఉంటే చెయ్యి చేరేది మొదటి గదికే, మిగతా గదుల్లో ఏముందో తెలియదు. మా ట్యాంకులో మూత కింద గది నిజంగానే మెరుస్తోంది. పాచంతా గోడ అవతల ఉంది. మూత ఉందా అని అడిగితే సరిపోదు, ఎన్ని గదులకి ఎన్ని మూతలో అడగాలి. టార్చి, చిన్న అద్దం పట్టుకెళ్లండి. ఫోను కెమెరాని కర్రకి కట్టి దించినా పనవుతుంది.

కారింది ఎక్కడో కనుక్కోవడానికి మంచం కింద చెక్కపని మొత్తం విప్పించాల్సి వచ్చింది. అల్యూమినియం ట్యాంకు అది. కింద మెత్తగా ఉండాలని వేసిన ఫోము ఏళ్ల తరబడి తడిసి ఉండటంతో అడుగున సూదిమొనంత చిల్లులు పడ్డాయి. అల్యూమినియం గాలి తగలకుండా తడిలో ఉంటే దాన్ని తుప్పు ఇలాగే తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే వెల్డింగు గీతల దగ్గర పోతుంది, అక్కడ తుప్పు మరక చిన్నదున్నా వదలొద్దు. ప్లాస్టిక్ ట్యాంకుకి పైపు బిగించే చోట పగుళ్లు చూడాలి. చాలా బోట్లలో ట్యాంకు ముందు పెట్టి, దాని చుట్టూ మంచాలు, అరలు కడతారు. అందుకే ట్యాంకు మార్చడానికి అయ్యే ఖర్చులో ట్యాంకుది తక్కువ, వడ్రంగిది ఎక్కువ. అది బేరమాడేముందే తెలిస్తే ధరలో తగ్గించుకోవచ్చు.

కాబట్టి నేను చెప్పేది ఇదే. చూడటానికి వెళ్లేముందు రోజే ట్యాంకు నిండా నింపి ఉంచమని అమ్మేవాళ్లని అడగండి. వెళ్లగానే మొదట బిల్జి పొడిగా తుడిచేయండి. పంపు ఆన్ చేసి, ప్రతి కుళాయీ తిప్పి, గాలి పోయి నీళ్లు ఒకే ధారగా వచ్చేదాకా వదలండి. తర్వాత అన్నీ కట్టేయండి. లైనులో ప్రెషరు చేరగానే పంపు దానంతటదే ఆగాలి. అరగంట దాని దగ్గరే నిశ్శబ్దంగా కూర్చోండి. ఆ అరగంటలో కుళాయి తిప్పకుండా పంపు ఒక్కసారి నడిచినా ఎక్కడో నీళ్లు పోతున్నట్టు, లేదా పంపు లోపలి వాల్వు నీళ్లని వెనక్కి వదులుతున్నట్టు. అప్పుడు టిష్యూ కాగితం తీసుకుని ప్రతి జాయింటుకీ చుట్టండి. కంటికి కనపడని తడిని కాగితం పట్టేస్తుంది. నూట యాభై లీటర్ల నీళ్లంటే నూట యాభై కిలోల బరువు కూడా, నిండు ట్యాంకుతో బోటు నడిపి చూస్తే దాన్ని పట్టి ఉంచే బెల్టులు, బోల్టులు ఎంత గట్టివో తెలుస్తుంది.

డెక్కు, అంటే బోటు పైభాగం మీద, నీళ్లు నింపే మూత విప్పి దాని రబ్బరు రింగు వేలితో నొక్కండి. ఎండి పగిలితే డెక్కు కడిగిన నీళ్లు, పక్షుల రెట్టలు కడిగిన నీళ్లు కూడా ట్యాంకులోకే. పక్కనే డీజిల్ మూత అచ్చం అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు ఎప్పుడో పొరపడే ఉంటారు, అందుకే వాసన చూడండి. ట్యాంకుకి గాలిపైపు ఎక్కడ తేలుతుందో వెతకండి. బోటు పక్కగోడకి కిందుగా ఉంటే, బోటు ఒరిగినప్పుడు సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి.

వేడినీళ్ల విషయం చాలామందికి తెలియదు. చాలా బోట్లలో ఇంజినులో వేడెక్కిన కూలెంటుని, అంటే ఇంజినుని చల్లబరిచే ద్రవాన్ని, హీటరు లోపలి చుట్టగొట్టంలోంచి పంపి నీళ్లు కాస్తారు. ఆ గొట్టానికి చిల్లు పడితే కూలెంటు స్నానపు నీళ్లలో, గిన్నెలు కడిగే నీళ్లలో కలుస్తుంది. మామూలు కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది, పిల్లలు ఉమ్మేయరు. ఇంజిను బాగా వేడెక్కాక వేడి కుళాయి నీళ్లు తెల్ల కప్పులో పట్టి రంగు చూడండి. నోట్లో పెట్టుకోవద్దు. కూలెంటు మట్టం తరచూ తగ్గుతోందా అని కూడా అడగండి.

నెలల తరబడి కదలని నీళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వెళ్లినవాళ్లలో చాలామంది ఒక కొత్త రకం న్యుమోనియాతో మంచం పట్టారు, కొందరు చనిపోయారు. దానికి కారణమైన లీజియోనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నీళ్లలో బాగా పెరుగుతుంది. ఆ నీళ్లు తాగడం కంటే షవరు తుంపరలు పీల్చడం ఎక్కువ ప్రమాదం. అందుకని పాత బోటులో మొదటిరోజే షవరు కింద నిలబడకండి. సువాసన కలపని 5 శాతం బ్లీచు వంద లీటర్లకి వంద మిల్లీలీటర్లు కలిపి, ప్రతి కుళాయిలోనూ బ్లీచు వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా కడగండి. ముందుగా కార్బన్ ఫిల్టరు తీసేయండి, అది క్లోరిన్‌ని పీల్చేస్తుంది. బ్లీచులో వెనిగరు లాంటి ఆమ్లాలు కలపొద్దు, విషవాయువు పుడుతుంది. అల్యూమినియం ట్యాంకులో బ్లీచు ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు.

తాగేనీళ్లకి సంబంధం లేకపోయినా ఒక మాట. సింకు, టాయిలెట్ పైపులు బోటు గోడలోంచి బయటికి పోయే చోట వాల్వులుంటాయి. వాటిని చేత్తో తిప్పి చూడండి. ఇత్తడి వాల్వు గులాబీరంగుకి తిరిగితే అందులోని జింకు పోయి గుల్లబారిందని అర్థం. అది విరిగితే బోటు మునుగుతుంది.

బోటుని పరీక్షించి రిపోర్టు ఇచ్చే సర్వేయరు చూశారు కదా అని ఊరుకోకండి. రిపోర్టులో నీళ్ల లైనుకి ప్రెషరు పెట్టి చూసినట్టు రాసి ఉందో లేదో చదవండి. లేకపోతే అడిగి చేయించండి. మీ వ్యాసం మళ్లీ వేసేటప్పుడు ఈ సంగతులు కూడా చేర్చమని కోరుతున్నాను.

పాప ఇప్పుడు బాగుంది. బోటుకి కొత్త ట్యాంకు వేశాం, ప్రతి గదికీ ఒక మూత పెట్టించాను. అయినా బోటు ఎక్కాక వాళ్లమ్మ గ్లాసు అందిస్తే అది తీసుకుని నా దగ్గరికే వస్తుంది. "తాతయ్యా, ఇవి తాగొచ్చా?"

ఇట్లు,
ఓడల్లో పంపుల పని చేసి రిటైరైన మీ పాఠకుడు