మా చెరువు హద్దులు తేల్చండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది చంద్రగిరి మండలంలో, స్వర్ణముఖి నదికి దగ్గరి పల్లె. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నాం, ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా వాళ్లం. ఇన్నిసార్లు బోర్డులు మారినా మా చెరువు హద్దు ఎక్కడో ఇప్పటికీ ఎవరూ చెప్పరు.

2021 నవంబరు వరదలప్పుడు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రి మేమూ నిద్రపోలేదు. మా చెరువు నిండితే నీరు బయటికి పోయే అలుగు కాలువ పూడిపోయి ఉంది, నీరు పొంగితే ఇళ్ల మీదికే రావాలి. ఆక్రమణ ఎవరిదని నేను అనడం లేదు, ముందు కొలవండి.

చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణ రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ఉన్నాయి. కానీ పటం లేని పంచాయతీ ఏం చేయగలదు? మా గ్రామసభలో ఈ మాట ఎత్తిన ప్రతిసారీ 'రెవెన్యూ వారిని అడగండి' అన్న జవాబే వచ్చింది.

సర్వేయరును పంపండి. హద్దు రాళ్లు నాటించి, ఆ కొలతల పటాన్ని గ్రామసభలో అందరి ముందు చదివించండి. ఈశాన్య రుతుపవనాలు రాకముందే చేయించండి.

ఇట్లు,
చంద్రగిరి మండల రైతు