పటిక రాసిన ఆ తమ్ముడికి

చుక్క ముట్టక ఇవాళ్టికి 97 రోజులు. ఆరు రోజులు ఆసుపత్రిలో, 30 రోజులు తాగుడు మాన్పించే సెంటర్‌లో, మిగతా 61 ఇంట్లో. మొన్న శుక్రవారం రాత్రి ఈ లెక్క 95 దగ్గర తెగిపోవాల్సింది. తెగకుండా ఆపినతని గురించి చెప్పాలని కూర్చున్నాను. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) రాయడం నా పని. పద్దెనిమిదేళ్ళు తాగాను. చివరి రెండేళ్ళూ పొద్దున్నే గొంతులో పడితే తప్ప చేతి వణుకు ఆగేది కాదు. ఒకటి రాశానో ఏడు రాశానో నాకే తెలిసేది కాదు. ఒకసారి పల్నాడు నుంచి వచ్చిన రైతు తక్‌పట్టీలో అంకె తప్పు వేశాను. ఆయన తిట్టలేదు. నా చేతి వంక చూసి, చీటీ తీసుకుని, పక్కనున్న గుమస్తాతో దిద్దించుకుని వెళ్ళిపోయాడు. ఏడాదంతా కష్టపడి పండించిన పంట ఆయనది. ఆ వారంలోనే ఆసుపత్రిలో చేరాను.

మా ఆవిడ, పిల్లలు, మా అన్నయ్య చేసిందానికి ఇక్కడ థాంక్స్ చెప్తే వాళ్ళే తిడతారు. వాళ్ళు లేకపోతే నేను లేను, అంతే.

శుక్రవారం సంగతి. తాగుడు మానడానికి నాకు రాసిన మాత్ర డైసల్ఫిరామ్. అది వేసుకుంటూ తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడా కొట్టుకుని ప్రాణం మీదికి కూడా రావచ్చని డాక్టరుగారు ముందే కూర్చోబెట్టి చెప్పి, నేను సరేనన్నాకే మొదలుపెట్టారు. (కొంతమంది ఇంట్లో తెలియకుండా అన్నంలో కలిపి పెడతారట. దయచేసి ఆ పని చెయ్యకండి, మనిషి పోతాడు.) ఆ మాత్రలు ఆదివారంతో అయిపోయాయి. మంగళవారం ఆసుపత్రి ఫార్మసీకి వెళితే స్టాక్ లేదు, వచ్చే వారం రమ్మన్నారు. మా సందు చివరి మెడికల్ షాపులో అడిగితే తెప్పించాలన్నాడు. అలా ఐదు రోజులు గడిచాయి. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చని నాకు తెలుసు. తాగితే ఏమవుతుందో పూర్తిగా తెలుసు. అయినా ఆ రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటి దారి వదిలేసి వైన్ షాపు ముందుకెళ్ళి నిలబడ్డాను. పెద్ద కారణమేమీ లేదు. యార్డులో ఆ రోజు సరుకు ఎక్కువ, ఒళ్ళు హూనమైంది. ఓనరుగారు ఎవరితోనో ఫోన్‌లో "చూద్దాం, ఈసారి ఎన్నాళ్ళుంటాడో" అనడం నా చెవిన పడింది.

లైన్లో మా యార్డు హమాలీ ఒకతను ఉన్నాడు. నేను మానేశానని తెలిసి, "గుమస్తాగారిని చూసి నేర్చుకోవాల్రా" అని కుర్రాళ్ళకి చెప్పే మనిషి. అతని కంట పడలేక ఎదురుగా ఉన్న సెలూన్‌లోకి దూరాను. అతను వెళ్ళిపోయాక బయటికొచ్చి కొనుక్కుందామని దూరాను. గడ్డం కోసం వెళ్ళలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఆ సెలూన్ అబ్బాయి చేసింది మీకు అర్థం కాదు.

పాతికేళ్ళుంటాయేమో. "రండన్నా, ఖాళీనే" అని కుర్చీ తిప్పాడు. కూర్చున్నాను. అద్దంలో నా వెనక వైన్ షాపు బోర్డు వెలుగుతూ కనపడుతోంది. గడ్డం గీస్తున్నంతసేపూ నా చూపు ఆ బోర్డు మీదే. అయిపోయాక ఆఫ్టర్ షేవ్ సీసా తీసి చేతిలో పోసుకోబోయాడు. "వద్దు తమ్ముడూ, నేనొక మాత్ర వాడుతున్నా. స్పిరిట్ ఉన్నవి ఒంటికి తగలకూడదన్నారు" అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి. సెంటర్‌లో మాకు దగ్గు సిరప్ నుంచి షేవింగ్ లోషన్ దాకా అన్నీ చెప్పి పంపిస్తారు.

అతను సీసా మూత పెట్టాడు. ఏం మాత్ర అని అడగలేదు. అద్దంలో నా మొహం చూశాడు, నేను చూస్తున్న వైపు చూశాడు. ఆ తర్వాత సొరుగులోంచి పటిక ముక్క తీసి, నీళ్ళలో తడిపి, చెంపల మీద మెల్లగా రుద్దాడు. చురుక్కుమంది. కుర్చీని అద్దం నుంచి పక్క గోడ వైపు తిప్పేశాడు. వెళ్ళి గుమ్మానికి కర్టెన్ లాగాడు. "తల బరువుగా ఉన్నట్టుందన్నా, కాస్త నూనె పెడతా" అన్నాడు.

వేడి నీళ్ళలో టవల్ ముంచి, పిండి, మొహం మీద కప్పి రెండు చేతులతో అలా పట్టుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. నా మొహాన్ని ఒకరు అంత జాగ్రత్తగా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఇంట్లో పిల్లలు నేను దగ్గరికొస్తే వాసనకి మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు, ఆ అలవాటు వాళ్ళకింకా పోలేదు. టవల్ కింద ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అతను టవల్ తియ్యలేదు. చల్లారితే మళ్ళీ వేడిది వేశాడు.

తర్వాత తలకి నూనె పెట్టాడు. మెడ పట్టాడు. పదిహేను రోజుల కిందే కత్తిరించిన జుట్టుని మళ్ళీ సరిచేశాడు. ఇద్దరు కస్టమర్లొస్తే "రేపు రండి బాబాయ్" అని పంపేశాడు. వాళ్ళ ఊరి చేలో బోరు ఎండిపోవడం, చెల్లెలి డిగ్రీ ఫీజు, ఏవేవో చెబుతూనే ఉన్నాడు. నన్ను మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పదింటికి ఎదురుగా షట్టర్ దించిన చప్పుడైంది. అప్పుడు చేతులు తుడుచుకుని, "ఇక వెళ్దామా అన్నా?" అన్నాడు.

జేబులో ఉన్న 500 నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. "గడ్డానికి ఎనభై ఇవ్వండి చాలు. మిగతాసేపు మనం కూర్చుని మాట్లాడుకున్నాం కదా" అన్నాడు. బండి మీద మా సందు మొదట్లో దింపి, నేను తలుపు కొట్టేదాకా హెడ్‌లైట్ ఆర్పకుండా నిలబడ్డాడు.

తమ్ముడూ, నిన్న మళ్ళీ వచ్చాను. నీ పేరు రాయొద్దన్నావు, రాయలేదు. నీకు చీర పెట్టే వయసున్న చెల్లెలు ఉందని విని మా ఆవిడ ఏదో అనుకుంటోంది, అది ఆవిడ ఇష్టం.

ఒక మాట అడగకుండా ఉండలేను. పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా మందు ఎక్కడంటే అక్కడ దొరుకుతుంది, స్టాక్ లేదనే మాట ఎప్పుడూ వినలేదు. మాన్పించే మాత్రకి మాత్రం వచ్చే వారం రావాలా? 30 రోజులు ఉంచుకుని, సర్టిఫికెట్ ఇచ్చి, గేటు దాకా వచ్చి పంపారే, ఆ తర్వాత ఒక్క ఫోన్ ఎందుకు రాదు? అసలు కష్టం గేటు బయటే మొదలైంది. ఇన్సూరెన్స్ వాళ్ళు తాగుడు కేసు అని ఒక్క రూపాయి ఇవ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం నిర్వచనంలో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి, శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అన్నయ్య చదివి చెప్పాడు. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ తిరుగుతాం. నేను మద్యనిషేధం అడగట్లేదు. 1995లో పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ రోజుల్లో కూడా మా నాన్న దొంగచాటుగా తాగాడు, ఆ తాగుడుతోనే పోయాడు. నేను అడిగేది మాత్ర. అది రోజూ దొరకాలి.

ఆగండి, చాలామందిని మర్చిపోయాను. నేను ఆసుపత్రిలో చేరకముందు ఒక రాత్రి 14416 టెలి మానస్‌లో (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ ఎత్తినమ్మాయి. ఇంట్లో కట్టేసి మాన్పిద్దామనుకున్న మావాళ్ళకి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్ళండమ్మా అని తెలుగులో ఓపిగ్గా చెప్పింది. విటమిన్ బీ1 ఇంజెక్షన్లు ఒక్కటి తప్పకుండా చేసిన నర్సమ్మలు. తాగుడు మానినవాళ్ళ మీటింగులో నా పక్కన కూర్చునే పెద్దాయన, 22 ఏళ్ళ నుంచి తాగలేదాయన. నిన్న ఊళ్ళో షాపులన్నిటికీ ఫోన్లు చేసి రెండు స్ట్రిప్పులు సంపాదించి ఇంటికి పంపిన మెడికల్ షాపు రెడ్డిగారు. ఆసుపత్రి ఎదురుగా టిఫిన్ బండి అక్క, ఆరు రోజులూ మా ఆవిడకి అప్పు మీద ఇడ్లీ పెట్టింది, ఆ డబ్బులు ఇంకా ఇవ్వలేదు, రేపు వెళ్ళి ఇస్తాను. హమాలీ అన్న, నేను తనని చూశానని కూడా అతనికి తెలియదు.

ఇంకా వార్డులో ఆయమ్మ. మూడో రాత్రి నాకు మతి పోయి, మంచమంతా ఎర్ర చీమలని అరుస్తుంటే చేతులు కట్టేశారు. ఆవిడ నా పక్కన కూర్చుని తెల్లవార్లూ దుప్పటి మీంచి లేని చీమల్ని తుడుస్తూ "పోయినయ్ నాయనా, పోయినయ్" అంటూనే ఉందట. నాకు గుర్తులేదు, పక్క మంచం అతను చెప్పాడు. ఆవిడ పేరు నేను అడగలేదు. చదువు రాదట. ఆ వార్డుకి వెళ్ళేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఈ నాలుగు లైన్లు ఆవిడకి చదివి వినిపించండి.