బెన్నీ వేరింగ్‌ను ఆనాటి లెక్కతోనే చూడాలి

సంపాదకులకు,

పాత రగ్బీ లీగ్ స్కోర్లను ఈనాటి పాయింట్లతో కూడితే లెక్క తప్పుతుంది. ఆస్ట్రేలియా వింగర్ (మైదానం అంచున ఆడే ఆటగాడు) బెన్నీ వేరింగ్‌నే తీసుకోండి. 1928లో సిడ్నీలో ఇంగ్లండ్‌పై జరిగిన మూడో టెస్టులో ఆయన రెండు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం) చేసి, మూడు గోల్స్ (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టారు. ఈనాటిలా ట్రైకి నాలుగు, గోల్‌కు రెండు చొప్పున వేస్తే 14 వస్తాయి. ఆస్ట్రేలియాలో 1983 దాకా ట్రైకి మూడే. కాబట్టి ఆయనవి 12. జట్టు 21-14తో గెలిచింది, అంటే సగానికి పైగా ఆయన ఒక్కరివే. అయినా అదే ఆయనకు మొదటి, చివరి టెస్టు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ వెళ్లిన జట్టులోనూ చోటివ్వలేదు. ఇది పచ్చి అన్యాయం.

వింగర్ ట్రైలను లెక్కించేటప్పుడు బంతి ఆయన దాకా ఎలా వస్తుందో కూడా చూడాలి. స్క్రమ్ (ఇరు జట్లవారు బంతి కోసం నెట్టుకునే గుంపు) నుంచి హాఫ్‌బ్యాక్, ఫైవ్‌ఎయిత్, సెంటర్లు అనే ఆటగాళ్ల చేతులు దాటాకే అంచున ఉన్న వింగర్‌కు అందుతుంది. మధ్యలో ఒక్క చెయ్యి జారినా అంతే సంగతులు. సెంటర్ పాస్ ఆలస్యం చేస్తే వింగర్‌ను ప్రత్యర్థి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) బయటికి నెట్టేస్తాడు. పైగా 1967కు ముందు ట్యాకిల్స్‌కు, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడానికి, పరిమితి లేదు; ఎన్నిసార్లు ఆపినా బంతి ఆ జట్టుదే. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని ఫార్వర్డ్ల (మధ్యలో ఆడే బలమైన ఆటగాళ్ల) దగ్గరే ఎంతసేపైనా అట్టేపెట్టుకోవచ్చు, వింగర్ చూస్తూ నిలబడాల్సిందే. ఆ రోజుల్లో, 1921 నుంచి 1933 వరకు సౌత్ సిడ్నీ క్లబ్‌కు 172 మ్యాచ్‌ల్లో 144 ట్రైలు! ఆరు మ్యాచ్‌లకు ఐదు. ఆ క్లబ్ రికార్డు దాదాపు 80 ఏళ్లు నిలిచింది.

ఆయన గోల్స్ కూడా కొట్టేవారన్నది మరవకూడదు. ట్రై తర్వాత వచ్చే గోల్ కిక్‌కు, బంతిని ఎక్కడ నేలకు ఆనిస్తే దానికి ఎదురుగానే వెనక్కి వచ్చి తన్నాలి. మూలలో ట్రై చేస్తే టచ్‌లైన్ పక్క నుంచి తన్నాలి, అక్కడి నుంచి స్తంభాల మధ్య సందు సన్నగా కనిపిస్తుంది. అందుకే ట్రైలైన్ దాటాక కూడా వింగర్ వీలైనంత మధ్యకు పరుగెత్తుతాడు. తన్నేందుకు బంతిని నిలబెట్టే ఈనాటి ప్లాస్టిక్ 'టీ' (చిన్న పీట) అప్పుడు లేదు. మడమతో మట్టి తవ్వి, గుంట అంచున తోలు బంతిని నిలబెట్టేవారు. వాన పడితే తోలు నీళ్లు పీల్చి బరువెక్కేది.

పాత స్కోర్లు వేసేటప్పుడు పక్కనే 'ట్రైకి 3' అని అచ్చువేయమని మనవి.

– ఒక పాఠకుడు