జింకల బీడు కమిటీ: ఉగాది నుంచి ఉగాది వరకు జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులకు, పొరుగూళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ చందా పంపిన మన ఊరివారికి నమస్కారములు. ఆలూరు వైపున్న మన పంచాయతీ బీడులో తిరిగే కృష్ణజింకల మంద కోసం క్రోధి నామ సంవత్సర ఉగాది (2024 ఏప్రిల్ 9) మొదలు 2025 మార్చి 29 వరకు వసూలైన సొమ్మును, అది ఖర్చయిన తీరును మీ ముందుంచుతున్నాము.

పాత నిల్వ రూ. 3,140. ఇంటికి రూ. 200 చొప్పున 143 ఇళ్ల నుంచి రూ. 28,600, బెంగళూరులో ఉన్న మన పిల్లలు పంపినది రూ. 24,000, గొర్రెల కాపరులు తమంతట తాము కూడబెట్టి ఇచ్చినది రూ. 6,500, వెరసి జమ రూ. 62,240. కాపరులను మేము అడగలేదు. బీడులో గడ్డి నిలిస్తే తమ జీవాలకూ మేలేనని వారే వచ్చి ఇచ్చారు.

ఖర్చులో పెద్దది బావులదే. బీడు అంచున పాడుబడిన బావిలో ఆడజింక ఒకటి తన కూనతో సహా పడి చనిపోయిన సంగతి అందరికీ తెలుసు. పైకెక్కే ప్రయత్నంలో గిట్టల రాపిడికి లోపలి రాళ్ల మీది పాచి నిలువునా గీసుకుపోయి ఉంది. అది చూసినవారెవరూ ఈ ఖర్చును ప్రశ్నించలేదు. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనిది కనుక కళేబరాన్ని మనం ముట్టక, అటవీ సిబ్బందికి కబురు చేశాము. ఆ బావికీ, దాని పక్కనున్న మరో బావికీ నడుమెత్తు పిట్టగోడలు కట్టించడానికి సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి కలిపి రూ. 27,400 అయింది. రాళ్లు మాత్రం రైతులే బండ్ల మీద తోలారు.

నీటి తొట్లు రెండింటికి రూ. 4,800, ఎండాకాలం ట్యాంకర్లు 22కు రూ. 500 చొప్పున రూ. 11,000. తొట్ల విషయంలో తప్పు మాదే: మొదట నేల మీదనే ఉంచడంతో కూనల మూతి నీటికి అందలేదు. కాపరి ఒకరు చెబితే గుంట తవ్వి సగం దాకా పాతించాము. ఇరవైమూడో ట్యాంకరు రసీదు పోయినందున ఆ సొమ్మును కోశాధికారి తానే పెట్టుకున్నారు, లెక్కలో చేర్చలేదు.

సర్కారు తుమ్మ తీయించడానికి జేసీబీ 9 గంటలకు రూ. 1,100 చొప్పున రూ. 9,900. బిల్లు 10 గంటలకు వచ్చింది. మా పుస్తకంలో రాసుకున్న వేళలు చూపాక ఒక గంట తగ్గించారు. కొట్టివేస్తే మిగిలిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు కాబట్టి వేళ్లతో పెకలించక తప్పలేదు. కంప దట్టమైన చోట గడ్డి చస్తుంది, కుక్కలు పొంచి ఉంటాయి. మైదానంలో పరుగును నమ్ముకుని బతికే జీవికి అది చోటు కాదు.

శనగ మొలకలను జింకలు మేసిన ముగ్గురు రైతులకు విత్తనాల కింద రూ. 5,400 ఇచ్చాము. చందా సొమ్ము దీనికెందుకని కొందరు అడిగారు. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల జింకలు పెరిగి పైర్లు మేస్తే రైతులకు ఎంత కడుపుమంట కలిగిందో ఈ ప్రాంతమంతా విన్నదే. నష్టపోయినవాడు తీగకు కరెంటు పెడితే మనం కట్టిన గోడలు మందను కాపాడలేవని కమిటీ అభిప్రాయం. ఇచ్చినది నష్టానికి సరిపోదన్నది నిజమే. అంతకంటే ఇవ్వడానికి లేదు.

పుస్తకాలు, జిరాక్సులకు రూ. 260తో కలిపి మొత్తం ఖర్చు రూ. 58,760, చేతి నిల్వ రూ. 3,480. రసీదులన్నీ పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. వంక అవతల పట్టా భూమిలో ఉన్న మూడో బావికి గోడ కట్టుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు గానీ, మేస్త్రీ చెప్పిన అంచనా రూ. 14,000. ఆ సొమ్ము కూడేవరకు దాని మూతికి కంప వేసి ఉంచాము.