ఇకపై వయసు అడగం, టేపు పెట్టి కొలుస్తాం

మా కొట్టులో చత్వారం పవర్ ఉన్న సేఫ్టీ కళ్లద్దాలు కొన్నవాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. ఇప్పటిదాకా వాటిని మేం అమ్మిన పద్ధతి తప్పు. ఈ నెల నుంచి మార్చాం. ఎక్కడ తప్పు జరిగింది, మీ దగ్గరున్న జతను ఏం చేయాలి అన్నది వివరంగా రాస్తున్నాను.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మా కొట్టు. గ్లౌజులు, హెల్మెట్లు, బూట్లతో పాటు కళ్లద్దాలు కూడా అమ్ముతాం. నలభై అయిదు దాటిన మేస్త్రీలు చాలామంది సేఫ్టీ అద్దాలు తీసి పక్కన పెట్టేయడం నేను చూస్తూనే ఉన్నాను. అది నిర్లక్ష్యం కాదు, దగ్గరున్న కొలత గీత కనబడదు మరి. గీత కనబడాలంటే చత్వారం జోడు పెట్టాలి, దాని మీద మామూలు సేఫ్టీ అద్దం సరిగా కూర్చోదు. అందుకే రెండేళ్ల క్రితం రెండూ కలిసిన జోళ్లు తెప్పించాం. పై భాగం సాదా అద్దం, కింద బిళ్లలా దగ్గర చూపు పవర్.

పవర్ తేల్చడానికి మేం వయసు అడిగేవాళ్లం. నలభై అయిదు అంటే ఒకటిన్నర, యాభై దాటితే రెండు, అరవై దగ్గరికొస్తే రెండున్నర. తర్వాత చిన్నక్షరాల కార్డు చేతికిచ్చి చదవమనేవాళ్లం. చదివేశారంటే జత ప్యాక్ చేసి ఇచ్చేయడమే.

మొన్న వేసవిలో, పదిహేనేళ్లుగా మా దగ్గర కొనే ఒక లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) మేస్త్రి వచ్చారు. ఆయన్ని నేను బాబాయ్ అనే పిలుస్తాను. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. నేనిచ్చిన రెండున్నర జతను బల్ల మీద పెట్టి, "కార్డు బాగానే కనబడింది రా, టూల్ మొన మాత్రం మసకే. కనబడాలంటే మొహం చక్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తోంది" అన్నారు. చక్ అంటే లేత్‌లో ముక్కను పట్టి తిప్పే భాగం, దాన్ని చెక్కేది టూల్. విసుగొచ్చి ఆ జత తీసేసి, ఇంట్లో పేపర్ చదువుకునే జోడు పెట్టుకుని పని చేశారట. లోహపు రజను ఎగిరొచ్చి దాని అద్దం పగిలింది. దేవుడి దయవల్ల కంట్లో ఏమీ పడలేదు. ఆ పగిలిన జోడు చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క చాలా సులువు. వందను పవర్‌తో భాగిస్తే, ఆ అద్దంలోంచి ఎన్ని సెంటీమీటర్ల దాకా స్పష్టంగా కనబడుతుందో దాదాపుగా తెలుస్తుంది. దూరపు చూపు బాగున్నవాళ్లకు వర్తించే లెక్క ఇది. ప్లస్ ఒకటికి 100 సెంటీమీటర్లు, ఒకటిన్నరకు 67, రెండుకు 50, రెండున్నరకు 40. ఆ హద్దు దాటితే మసకే. బాబాయ్ లేత్ ముందు నిలబడితే కంటికీ టూల్ మొనకూ మధ్య 60 సెంటీమీటర్లు ఉంది. నేనిచ్చిన అద్దం 40 దగ్గరే ఆగిపోతుంది. మరి కార్డు ఎలా చదివారు? పుస్తకం పట్టుకున్నట్టు దాన్ని ముప్పై, ముప్పై అయిదు దూరంలో పట్టుకుంటాం కదా! అక్కడ పెద్ద పవరే హాయిగా ఉంటుంది. కార్డు పరీక్ష మా అందరినీ అలా తప్పుదారి పట్టించింది. కంట్లోని లెన్స్ ఎంత బిగుసుకుపోయిందో వయసు కొంత చెబుతుంది. పని ఎంత దూరంలో ఉందో చెప్పదు.

కాబట్టి ఇకపై మేం మొదట అడిగేది మీ పని దూరం. మిషన్ ముందు మీరు రోజూ నిలబడినట్టే నిలబడండి. మిషన్ ఆపి ఉన్నప్పుడు ఎవరినైనా ముక్కు దూలం నుంచి పని జరిగే చోటికి టేపు పట్టమనండి. ఆ అంకె మాకు చెబితే చాలు. కొట్టులో కూడా అదే దూరంలో వెర్నియర్ (సన్నటి గీతలున్న కొలత పరికరం) పెట్టి చూపిస్తాం.

ఒక్క జత అన్ని పనులకూ సరిపోదని కూడా ఒప్పుకుంటున్నాను. బాబాయ్ ఇప్పుడు లేత్ దగ్గర ఒకటిన్నర వాడుతున్నారు, బల్ల దగ్గర కూర్చుని కొలతలు చూడటానికి రెండున్నర. రెండో జత నేనే ఉచితంగా ఇచ్చాను.

బిళ్ల ఎక్కడుందన్నది కూడా చూసుకోవాలి. ర్యాంప్ కింద నిలబడి లారీ అడుగు చూసేవాళ్లకు, తల పైకెత్తి వైరింగ్ చేసేవాళ్లకు కింది బిళ్ల పనికిరాదు, మెడ విరిగేలా వెనక్కి వాల్చాలి. అలాంటివాళ్లకు పైనా కిందా బిళ్లలున్నవి ఆర్డర్ మీద తెప్పిస్తాం. అద్దం మొత్తం పవర్ ఉన్నవి కూర్చుని చేసే పనికి బాగుంటాయి. వాటితో నడవొద్దు, మెట్లు అసలే ఎక్కొద్దు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. నిరుడు ఒక లాట్ తక్కువ ధరకు వచ్చింది, అద్దం మీద ఏ ముద్రా లేదు. చూడకుండా తీసుకున్నాను, పదకొండు జతలు అమ్మాను. మీ అద్దం మూల, ఫ్రేమ్ మీద వెలుతురులో చూడండి. అమెరికా ప్రమాణమైతే జెడ్ 87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. యూరప్‌దైతే ఫ్రేమ్ మీద ఈఎన్ 166, అద్దం మీదా ఫ్రేమ్ మీదా ఎఫ్ అనే అక్షరం ఉండాలి. ఎఫ్ అంటే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో, అంటే గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో తగిలినా తట్టుకున్నదని. ఏ ముద్రా లేకపోతే తెచ్చేయండి, బిల్లు లేకపోయినా డబ్బు తిరిగి ఇస్తాను. ఇప్పుడు ముద్ర ఉన్నవే తెస్తున్నాం, జతకు అరవై రూపాయలు పెరిగింది.

గ్రైండింగ్ చేసేటప్పుడు ఈ అద్దాల మీద ఫేస్ షీల్డ్ కూడా ఉండాలి. వెల్డింగ్‌కు ఇవి చాలవు, ముదురు అద్దం ఉన్న హెల్మెట్ కావాల్సిందే. తుడవడానికి థిన్నర్, అసిటోన్ వాడొద్దు, ఇవి పాలికార్బోనేట్ అనే ప్లాస్టిక్, పాడైపోతాయి. సబ్బు నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

కొందరికి మేం అమ్మం, దయచేసి కోపం తెచ్చుకోవద్దు. మా జోళ్లలో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది. దూరానికి సైట్ ఉన్నవాళ్లు, రెండు కళ్లకూ వేర్వేరు పవర్ ఉన్నవాళ్లు, సిలిండర్ (కంటి వంపులో తేడాకు ఇచ్చే పవర్) ఉన్నవాళ్లు డాక్టర్ చీటీతో కళ్లద్దాల షాపులో సేఫ్టీ ఫ్రేమ్ చేయించుకోవాలి. లేదా ఉన్న జోడు మీద పెట్టుకునే పెద్ద సేఫ్టీ అద్దాలు మా దగ్గరున్నాయి. మూడు నెలల్లో రెండుసార్లు పవర్ మార్చమని వచ్చిన ఒక అన్నను ముందు షుగర్ పరీక్ష చేయించుకోమని పంపాను. షుగర్ పెరిగినా తగ్గినా చూపు అలా మారుతుంది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ కంటి డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి. మా టేపు ఆ పరీక్షకు బదులు కాదు.

మా దగ్గర కొన్న పాత జతలను నెలాఖరు దాకా ఉచితంగా మార్చి ఇస్తాం. గీతలు పడ్డా ఫర్వాలేదు. ఆదివారం పొద్దున కూడా కొట్టు తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు టేపుతో కొలిచిన ఆ అంకె రాసుకుని రండి.