చిన్ని నీలాగే ఆడుతోంది

విజయనగరం,
మే నెల, మూడో ఆదివారం

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. వెంటనే జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. నీకు రెండు ముక్కలు రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తీరిగ్గా కూర్చుని అన్నీ చెప్పాలనుకున్నాను, ఆ తీరిక ఈ రోజుకు దొరికింది. మధ్యాహ్నం గాలివాన కొట్టి కోర్టంతా తడిసిపోయింది. సాయంత్రం ఆట లేదు. కరెంటు కూడా లేదు. వీధి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మట్టివాసన అక్కడిదాకా రావాలని ఉంది.

ఈ వేసవి పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. నేర్పేది మా మాస్టారు, నేను సాయం. ఎనిమిదో తరగతిలో నా చేతికి మొదటిసారి బంతి ఇచ్చింది ఆయనే. ఉద్యోగ విరమణ చేసినా ఏటా మే నెల వచ్చేసరికి పిల్లల్ని పోగుచేస్తారు. ఈసారి మోకాళ్ళు సహకరించడం లేదని, పరుగెత్తి చూపించడానికి ఒక మనిషి కావాలని కబురు పెట్టారు. ఆ కబురు తెచ్చింది మా చెల్లెలు చిన్ని. తనూ చేరతానని ముందే మాట ఇచ్చి వచ్చింది.

చిన్ని గురించి నీకు ఎన్నోసార్లు చెప్పాను కానీ, ఆలోచిస్తే అవన్నీ పాత కబుర్లే. నేను హాస్టల్‌కు వచ్చేనాటికి దానికి ఆరేళ్ళు. పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు పదకొండు నిండాయి. మధ్యలో పండక్కి నాలుగు రోజులు, పరీక్షలయ్యాక వారం రోజులు తప్ప నేను ఇంట్లో ఉన్నదెప్పుడు? దానికి పులుపంటే ఇష్టమని, పొద్దున లేవగానే ఎవరితోనూ మాట్లాడదని, నిద్రలో లెక్కలు అప్పజెబుతుందని ఈ నెలలోనే తెలిసింది. సొంత చెల్లెలి గురించి ఇంత ఆలస్యంగా తెలుసుకోవడం నాకు బాధగానే ఉంది.

మా రోజు ఎలా గడుస్తోందో చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాం. మా మామ్మ చెరో గ్లాసు చోడి అంబలి ఇస్తుంది. మీ గుంటూరులో రాగులంటారే, మావైపు అవే చోళ్ళు. అందులో పల్చని మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, కాస్త ఉప్పు వేస్తుంది. తాగి, గంటస్తంభం మీదుగా నడిచి వెళ్తాం. ఆ వేళకు రోడ్లు ఖాళీగా ఉంటాయి. పూలబుట్టలు దించుకుంటున్నవాళ్ళు, పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్ళేవాళ్ళు తప్ప ఎవరూ కనబడరు. అయిదున్నర నుంచి ఏడున్నర వరకు ఆట. ఎనిమిది దాటితే సిమెంటు కోర్టు పెనంలా కాలుతుంది, బూట్ల అడుగున కూడా సెగ తెలుస్తుంది. మళ్ళీ సాయంత్రం అయిదుకు వెళ్తాం.

పిల్లలు ఇరవై ముగ్గురు. తొమ్మిదేళ్ళవాళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళవాళ్ళ వరకు ఉన్నారు. నెల్లిమర్ల నుంచి ఒక పిల్ల తొలి బస్సుకు వస్తుంది, అందరికంటే ముందు కోర్టు దగ్గర నిలబడి ఉంటుంది. ఉన్న బంతులేమో తొమ్మిది, అందులో ఆరు మగవాళ్ళు ఆడే 7వ నంబరువి. చిన్నపిల్లలు ఆడవలసింది 5వ నంబరు బంతితో. చిన్ని అరచేయి చూశాక నాకు ఆ తేడా బాగా తెలిసింది. పెద్ద బంతి విసరాలంటే భుజం మొత్తం వెనక్కి తీసి, గుమ్మడికాయ విసిరినట్టు రెండు చేతులతో విసరాల్సి వస్తుంది. ఒకసారి ఆ అలవాటు పడిందంటే మాన్పించడం ఎంత కష్టమో నీకు తెలుసు. అందుకే నా దగ్గర దాచుకున్న డబ్బుతో 5వ నంబరు బంతులు నాలుగు కొన్నాను. రింగు సంగతీ అంతే. పది అడుగుల ఎత్తు పెద్దవాళ్ళకు సరిపోతుంది. చిన్నవాళ్ళకు రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు చాలు. మాస్టారు చిన్న సైకిల్ రిమ్ము ఒకటి సంపాదించి, కోర్టు పక్కన ఉన్న బాదం చెట్టుకు ఆ ఎత్తులో కట్టించారు. చిన్నవాళ్ళందరికీ ఇప్పుడు అదే ప్రాణం.

రెండో రోజున ఒక కుర్రవాడు అడిగాడు, దీన్ని బాస్కెట్‌బాల్ అని ఎందుకంటారు, బుట్ట ఏదీ అని. మాస్టారు అందరినీ నీడలో కూర్చోబెట్టి చెప్పారు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో బయట ఆడలేని విద్యార్థుల కోసం ఈ ఆట కనిపెట్టాడని, పీచ్ పళ్ళు పెట్టే బుట్టలు రెండు వ్యాయామశాల బాల్కనీ అంచుకు కొట్టించాడని, మొదట రాసుకున్న నియమాలు పదమూడేనని. బుట్టలకు అడుగు ఉండటంతో బంతి పడినప్పుడల్లా ఎవరో నిచ్చెన ఎక్కి తీయాల్సి వచ్చేదట. చిన్ని ఇంటికి రాగానే ఇదంతా మా మామ్మకు చెప్పింది. మామ్మ శ్రద్ధగా విని, "మన మామిడిపళ్ళ గంప పెట్టి ఉంటే ఇంకా సులువుగా పడేది కదే" అంది.

ఆ నిచ్చెన మాటతోనే మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. మర్నాడు బడి సామాన్ల గదిలోంచి వెదురు నిచ్చెన తెప్పించారు. రింగు పక్కన ఆనించి, కింద మేమిద్దరం గట్టిగా పట్టుకుని, ఒక్కొక్కరినే ఎక్కించి పైనుంచి చూడమన్నారు. కింద నిలబడి చూస్తే రింగు సన్నని గీతలా కనబడుతుంది కదా. పైకి ఎక్కి చూస్తే నిండు గుండ్రం. చిన్ని ఎక్కి, తొంగి చూసి, "అక్కా, ఇంత పెద్దదా!" అని అరిచింది. నిజమే, రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, పెద్ద బంతి వెడల్పు సుమారు 24. దాదాపు రెండు బంతుల చోటు. ఇంటికి వచ్చాక నేను కాగితం మీద లెక్క వేశాను. ముప్పై డిగ్రీల వాలులో దిగే బంతికి దొరికే దారి ఇరవై రెండున్నర సెంటీమీటర్లే. బంతి కంటే తక్కువ. అంచుకు తగలకుండా పడే వీలే లేదు. నలభై అయిదు డిగ్రీల వాలులో దిగితే దాదాపు 32 సెంటీమీటర్ల దారి ఉంటుంది. బంతిని పైకి ఎత్తి వెయ్యండర్రా అని నేను నాలుగు రోజులు గొంతు చించుకుని చెప్పినా వినని పిల్లలు, నిచ్చెన దిగాక ఒక్కరూ నేరుగా విసరలేదు.

లేఅప్, అంటే పరుగున వచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వెయ్యడం, నేర్పడం మాత్రం చిన్ని తెలివి. కుడి అడుగు, ఎడమ అడుగు, ఎగరడం. నోటితో ఎంత చెప్పినా పిల్లల కాళ్ళు తడబడేవి. చిన్ని ఇంట్లో బియ్యప్పిండి నానబెట్టి గిన్నెలో పోసుకుని వచ్చింది. కృష్ణాష్టమినాడు గడపలోంచి దేవుడి గదిదాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తామే, అలాగే పిడికిలి పిండిలో ముంచి కోర్టు మీద అద్ది, వేలికొసలతో అయిదు చుక్కలు పెట్టి, రింగు వైపు పాదాలు వేసుకుంటూ వెళ్ళింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నెల్లిమర్ల పిల్ల ఆ పాదాల మీద కాళ్ళు పెట్టుకుంటూ వెళ్ళి మొదటిసారి సరిగ్గా ఎగిరింది. మర్నాటికి బియ్యప్పిండికి చీమలు బారులు తీరాయి. అప్పటినుంచి ముగ్గురాయి పొడి వాడుతున్నాం.

ఇక నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. చెప్పడానికి మనసు ఒప్పడం లేదు కానీ, నీకు కాక ఎవరికి చెప్పను?

మిగతా పిల్లలు తప్పు చేస్తే దగ్గరకు వెళ్ళి నెమ్మదిగా చెప్పేదాన్ని. చిన్ని తప్పు చేస్తే అక్కడినుంచే అరిచేదాన్ని. నా చెల్లెలు కదా, అందరికంటే బాగా ఆడాలని నా ఆరాటం. రెండో వారంలో ఒక రోజు అది రింగు కింద ఒంటరిగా దొరికి కూడా బంతి వెయ్యలేదు. పక్కవాళ్ళకు ఇచ్చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు ఒళ్ళు మండి, "భయమైతే ఇంట్లో కూర్చో" అని అందరి ముందూ అనేశాను. ఆట ఒక్కసారిగా ఆగిపోయింది. చిన్ని బంతిని నేల మీద పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుని, వెళ్ళి చెట్టు కింద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ముంజెలు కొట్టించి తెచ్చాను, ముట్టుకోలేదు. రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక, అటు తిరిగి పడుకునే అడిగింది: "అక్కడ అందరికీ నువ్వు అక్కవే. నాకు ఒక్కదానికే ఎందుకు టీచరువి?" నాకు నోట మాట రాలేదు. లేచి దాని పక్కన కూర్చుని, తప్పయిపోయిందని చెప్పాను. చాలాసేపటి తరవాత నా చేయి లాక్కుని తల కింద పెట్టుకుంది.

మర్నాడు మాస్టారు ఏమీ అడగకుండానే జట్లు మార్చారు. చిన్నిని తన దగ్గరకు తీసుకుని నన్ను చిన్నవాళ్ళ దగ్గరకు, బాదం చెట్టు రిమ్ము దగ్గరకు పంపారు. దూరం నుంచి చూడటం మొదలుపెట్టాక గానీ అది ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నాలు మేమిద్దరం వామనగుంటలు ఆడుకుంటాం. మామ్మ పెళ్ళినాటి పీట అది, రెండు వైపులా ఏడేసి గుంటలు. నేను చేతిలో ఉన్న చింతపిక్కలు చూసుకుంటాను. చిన్ని ఒక్క పిక్క తీయకుండా, కళ్ళతోనే పీటంతా ఒకసారి తిరిగి వస్తుంది. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఖాళీ గుంట వస్తుందో ముందే చూసుకుని అప్పుడు చేయి వేస్తుంది. కోర్టులోనూ సరిగ్గా అదే చేస్తోంది. బంతి చేతికి రాకముందే తల తిప్పి ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకుంటుంది. మనిషికి కాదు, మనిషి చేరబోయే చోటికి ఇస్తుంది. భయంతో వదిలేస్తోందని నేను అనుకున్నవన్నీ పాసులే.

నిన్న పిల్లలకు చిన్న పోటీ పెట్టాం. చిన్ని ఒక్క బుట్టా వెయ్యలేదు. ఇద్దరు అడ్డంగా నిలబడి ఉండగా వాళ్ళ మధ్య నుంచి నేలకు ఒక్క దెబ్బ కొట్టి బంతి పంపింది, అవతల ఎవరూ లేరు. అయ్యో అనుకునేలోగా నెల్లిమర్ల పిల్ల అక్కడికి చేరింది, బంతి చేతుల్లో పడింది. రింగు కింద ఒంటరిగా ఉంది. వేసింది, పడలేదు. పాపం ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. చిన్ని పరుగున వెళ్ళి ఆ చేతులు పట్టి దించి, "అక్కడే ఉండు, మళ్ళీ ఇస్తాను" అంది. మళ్ళీ ఇచ్చింది. ఈసారి పడింది. ఇన్నాళ్ళలో ఆ పిల్లకు పోటీలో పడిన మొదటి బుట్ట అది.

ఆ మాట నేను ఇంతకు ముందు ఎవరి నోట విన్నానో నీకు చెప్పక్కరలేదు. కాలేజీ పోటీల్లో వరుసగా అయిదు తప్పి, నన్ను తీసెయ్యండని నేను అడిగిన సాయంత్రం నీకూ గుర్తుండే ఉంటుంది. కోర్టు పక్కన నిలబడి ఉన్నదాన్ని, కళ్ళనీళ్ళు ఆగలేదు. మాస్టారు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు.

అందుకే ఈ ఉత్తరం. నాకు వచ్చింది బుట్ట వెయ్యడం. అది చిన్నికి ఎంతో కొంత నేర్పగలను. దానికి ఉన్నది నీ ఆట, నీ చూపు. దాన్ని ఎలా పెంచాలో నాకు తెలియదు. నువ్వు రావాలి. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో, ఇంకా రోజులున్నాయి. గుంటూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారి ఇక్కడ దిగవచ్చు. స్టేషన్‌కు నేనూ చిన్నీ వస్తాం. సువర్ణరేఖ పళ్ళు గడ్డిలో మగ్గుతున్నాయి, నీ వాటా మామ్మ అప్పుడే వేరు చేసింది. అమ్మ ఈ ఏడు ఆవకాయ రెండు జాడీలు పెట్టింది. డాబా మీద మాగాయ ముక్కలు ఎండుతున్నాయి, పొద్దున చిన్ని బంతి వెళ్ళి సరిగ్గా వాటి మధ్యన పడింది. అమ్మ బంతిని బీరువా మీద పెట్టేసింది, రేపటి దాకా దించదు.

వచ్చేటప్పుడు నీ ఈల తీసుకురా. ఇక్కడ ఉన్నది ఒక్కటే, అది మాస్టారి మెడలోనే ఉంటుంది.

చిన్ని నా భుజం మీదుగా చదువుతోంది. నిన్ను ఒకటి అడగమంటోంది, అది చెప్పినట్టే రాస్తున్నాను: "అక్కా, పాసు ఇచ్చేటప్పుడు, ఎవరికి ఇస్తున్నామో వాళ్ళ వైపు చూడాలని మా అక్క చెబుతోంది. చూస్తే అవతలివాళ్ళకు తెలిసిపోతుంది కదా. చూడకుండా ఇస్తే తప్పా?"

జవాబు దానికే రాయి.

ప్రేమతో,
నీ నేస్తం