కుక్కకు విషం పెట్టినవారిపై కేసు కట్టడానికి కుక్క ధర ఎందుకు? – హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

కావలి నుంచి రాస్తున్నాను. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సెక్షన్ల నంబర్లు కాస్త ఎక్కువగా దొర్లుతాయి, ఓర్చుకోండి.

పెంపుడు జంతువును కావాలని చంపితే శిక్షించే చట్టమే లేదని చాలామంది అనుకుంటారు. పాత శిక్షాస్మృతిలోనే ఉండేది. దాని 429వ సెక్షన్ ఎద్దును, ఆవును, గేదెను వెల ఎంతైనా సరే కాపాడేది. కుక్క అయితే యాభై రూపాయల విలువ చేయాలి. పది రూపాయలదైతే 428 కింద తక్కువ శిక్ష. ఒంగోలు గిత్తకు ధర అడగరు, ఇంటి కుక్కకు అడుగుతారన్నమాట. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ బేరాన్ని ఎత్తేసింది. 325వ సెక్షన్ ప్రకారం ఏ జంతువును అలా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వెల ప్రసక్తే లేదు.

ఆ సంగతి స్టేషన్ల దాకా చేరినట్టు లేదు. మా వీధిలో ఒక కుటుంబం పెంచుకుంటున్న కుక్క కోడిమాంసం ముక్కలు తిని, నురగలు కక్కుతూ చనిపోయింది. పొలాలకు వేసే గుళికల మందు కలిపారని అనుమానం. ఫిర్యాదు ఇవ్వడానికి వారితో నేనూ వెళ్లాను. ఫిర్యాదులు రాసుకునే పోలీసు రైటర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతకు కొన్నారు?" వీధిలో దొరికిన పిల్లను తెచ్చి సాకారు, ధర ఎక్కడిది? ఆ తర్వాత, విషమేనని పోస్టుమార్టం రిపోర్టు తెమ్మన్నారు. పశువుల ఆసుపత్రికి వెళితే పోలీసుల లేఖ లేనిదే కుదరదన్నారు. మళ్లీ స్టేషన్. రోహిణి కార్తె ఎండలో కళేబరం ఈ ఉత్తర ప్రత్యుత్తరాల కోసం ఆగుతుందా? సాయంత్రానికి పూడ్చిపెట్టారు. సాక్ష్యం కూడా దానితోనే పోయింది.

స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి పోస్టులో ఫిర్యాదు పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నారు. నాకు తెలుసు. కానీ అప్పటికి పరీక్షకు పంపడానికి ఏం మిగులుతుంది?

పోనీ, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద కేసు పెట్టినా, మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. నెల్లూరులో ఒక కారం దోసెకు కూడా చాలదు. ఆ చట్టాన్ని మార్చాల్సింది పార్లమెంటు. దాని గురించి మిమ్మల్ని అడగను.

బండి కింద పడి చనిపోయే వాటి సంగతి వేరు. 325కు ఉద్దేశమో, హాని జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. ఫుడ్ డెలివరీ కుర్రాడి బండి తగిలి కుక్క చనిపోయిన కేసును 2022లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నిర్లక్ష్యపు డ్రైవింగ్ సెక్షన్ మనుషుల ప్రాణాలకే వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పు సబబేనని నా అభిప్రాయం. పొరపాటున జరిగినదానికి జైలు వద్దు, నష్టపరిహారం సివిల్ కోర్టులో తేల్చుకోవాలి. కుక్కను గాలికి వదిలేసే యజమానులకూ న్యాయ సంహితలోనే 291వ సెక్షన్ ఉంది, ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

వీధికుక్కల బెడదతో విసిగినవారి కోపం నాకు అర్థమవుతుంది. వాటికి గర్భనియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత మునిసిపాలిటీది, అడగాల్సింది వాళ్లనే. వీధిలో చల్లిన విషాన్ని కుక్కే తింటుందన్న హామీ ఏముంది? ఆవు తినవచ్చు, ఆడుకునే పిల్లవాడి చేతికి అంటవచ్చు. ఇది శాంతిభద్రతల విషయం కాదా?

నేను కోరేది పశుసంవర్ధక శాఖతో కలిసి మీరు జారీ చేయాల్సిన ఒక సర్క్యులర్. విషప్రయోగమని ఫిర్యాదు వస్తే 325 కింద వెంటనే ఎఫ్‌ఐఆర్ రాయాలి, పోస్టుమార్టం కోరుతూ లేఖను స్టేషనే పశువైద్యుడికి పంపాలి. లోపలి అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లాలి. ధర అడగడం మానాలి. శిక్ష పడితే, జరిమానా సొమ్ములోంచి యజమానికి పరిహారం ఇప్పించే వీలు కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 395వ సెక్షన్‌లో ఉంది. ప్రాసిక్యూటర్లు దాన్ని కోర్టులో అడిగేలా చూడండి.

ముందుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అమలు చేసి చూసినా సరే.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి,
కావలి